ఒక్క కంప్యూటరు మీద ఇద్దరు

సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే ఆయనకీ, రిపోర్టులు టైపు చేసే వాళ్ల బావకీ కలిపి ఒక్కటే కంప్యూటరు ఉండేది. కంప్యూటరుని నడిపే సాఫ్ట్‌వేర్లలో మ్యాపులకి లైనక్స్ కావాలి, రిపోర్టులకి విండోస్ కావాలి. ఒకటి ఆపితే గానీ రెండోది మొదలయ్యేది కాదు.

ఓ రోజు బావ టీకి వెళ్లి కబుర్లలో పడ్డాడు. ఈయనకి అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. విసుగెత్తి కంప్యూటరు ఆపేసి లైనక్స్‌లోకి వెళ్లిపోయాడు. బావ సేవ్ చేయని రిపోర్టు గాల్లో కలిసిపోయింది.

"ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదిరా?" అన్నాడు బావ.

"నువ్వు టీ కొట్టులో కాపురం పెడితే ఎవర్ని అడగాలి?" అన్నాడీయన.

అంతే, మాటలు ఆగిపోయాయి. బావ బదిలీ చేయించుకున్నాడు. బావతో పాటు ఈయన అక్కయ్య కూడా ఇంటికి రావడం మానేసింది.

ఏళ్లు గడిచాక ఆఫీసుకి కొత్త కంప్యూటరు వచ్చింది. విండోస్ నడుస్తుండగానే దాని లోపలే లైనక్స్ తెరుచుకుంది. ఎడమ పక్క మ్యాపు, కుడి పక్క రిపోర్టు; దేన్నీ ఆపక్కర్లేదు. ఇంత చిన్నదానికా అన్నేళ్లు మొహాలు తిప్పుకున్నాం అనిపించింది ఆయనకి. పౌరుషం చంపుకుని ఫోన్ చేశాడు.

"బావా, ఇప్పుడు రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. మళ్లీ ఇక్కడికే బదిలీ చేయించుకోకూడదూ?"

అవతల నుంచి బావ అన్నాడు:

"నేను రిటైరై మూడేళ్లయిందిరా. నీకెవరూ చెప్పలేదా?"