ఒక సైజు పెద్దది

చలికాలమంతా నోట్‌బుర్గా బతుకు మోకాళ్ల మీదే. ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో, మంచు మీద జారే స్కీ ఆటకి బూట్లు అద్దెకిచ్చే కొట్టులో, కొత్తగా నేర్చుకునేవాళ్ల పాదాల దగ్గర కూర్చుని బూట్ల బకిల్స్ బిగిస్తూ, పొద్దస్తమానం ఒకటే పాట పాడుతుంది: "మోకాళ్లు వంచండి. వంచితే వేళ్లు వెనక్కొస్తాయి." ఎవరూ వంచరు. రాటల్లా నిలబడి, బొటనవేలు తగులుతోందని మొత్తుకుంటారు. ఇవాళొచ్చిన విట్టిగో గారు మరీను. రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడుక్కొచ్చాడు.

"బిగుతుగా ఉందమ్మా. ఒక సైజు పెద్దదియ్యి."

"లోపల మడమ కదిలితే పడతారండీ, కాలు విరుగుతుంది! ఇంట్లో వేసుకునే చెప్పులనుకున్నారా?"

"తొడుక్కునేది నువ్వా, నేనా?"

ఆమె పళ్లు నూరుతూ ఒక జత మేజోళ్లు ఊడబీకి, బూట్లతో తెర వెనక్కి వెళ్లింది. వాటిని పొయ్యి పక్కన పెట్టి, లోపలి మెత్త వెచ్చబడి కాస్త సాగేదాకా కాఫీ తాగి, అవే బూట్లు తెచ్చి తొడిగింది.

"ఇదీ సైజంటే!" అన్నాడాయన, మోకాళ్లు వంచి మరీ. "ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నావు, పాదం చూసి కొలత చెప్పలేవూ?"

నోట్‌బుర్గా ముఖం కందగడ్డయింది. నోరు విప్పితే గుట్టు రట్టవుతుంది. ఇంతలో పక్కనే కూర్చున్న ఆయన భార్య కాలు చాపింది.

"నాకూ ఆయనకిచ్చినట్టే ఒక సైజు పెద్దదివ్వమ్మా."

నోట్‌బుర్గా ఆవిడ బూట్లు చంకన పెట్టుకుని తెర వెనక్కి నడిచింది. పొద్దున్నుంచీ అది ఆరో కాఫీ.