పునాదికి ముందు తువ్వాలు

సత్యవేడు నుంచి తిరుపతి వచ్చే బస్సులో నా పక్కన ఒక మేస్త్రీ కూర్చున్నాడు. జపాను కంపెనీ ఒకటి అక్కడ అద్దె ఇళ్లు కడుతోందట, అందులో పని. నేనూ మా మేడ మీద అద్దెకు రెండు గదులు వేస్తున్నాననీ, పక్కింటి మునిరత్నం గొడవపడి పని ఆపించాడనీ ఆయనతో వాపోయాను.

"ముందే పోయి చెప్పినారా సార్?" అన్నాడు.

"నా ఇంటి మీద నేను గది వేసుకునేదానికి ఎవురికి చెప్పాలప్పా?"

"మా జపాను ఇంజినీరు పునాది తియ్యకముందే సుట్టుపక్కల ఇండ్లన్నీ తిరిగినాడు సార్. ఇంటింటికీ కొత్త తువ్వాలు ఇచ్చినాడు. దుమ్ము లేస్తాది, సప్పుడైతాది, ఓర్సుకోండి అని ఇట్లా మొక్కినాడు."

మేస్త్రీ ఊగే బస్సులో లేచి నిలబడి, తన సిమెంటు మరకల తువ్వాలును రెండు చేతులా పట్టుకుని నా ముందు నడుందాకా వంగాడు. బస్సులో అందరూ నవ్వారు. నాకు మాత్రం మునిరత్నం గేటుకు అడ్డంగా నేను పోయించిన ఇసుక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొత్త తువ్వాలుతో వాళ్లింటికి వెళ్లాను. నడుం సరిగా వంగలేదు గానీ, ఇసుక అడ్డం పోయించినందుకు ఏమీ అనుకోవద్దని, పనయ్యేదాకా ఓర్చుకోమని మాట వచ్చింది. మునిరత్నం తువ్వాలు విప్పి చూసి భుజాన వేసుకున్నాడు.

"ఈ మాట ముందే అనుంటే, ఇసుక మా వాకిట్లోనే పోయించుకోమందును గదప్పా!"

ఇప్పటికీ మేడ మీద ఎవరు అద్దెకు దిగినా, ముందు మునిరత్నాన్ని పలకరించి రమ్మంటాను. ఆ మేస్త్రీ పేరు మాత్రం అడగలేదు. ఆయన పెట్టిన దండానికి తిరిగి దండమైనా పెట్టకుండా తిరుపతిలో దిగిపోయాను.