ఎవరి గొడుగు వాళ్లది

నలభై ఏళ్లుగా ఆ రెండు దేశాలూ ప్రాణమిత్రులు. రెండుచోట్లా జనం ఓట్లేసి ఎన్ని ప్రభుత్వాలను మార్చినా సైనిక ఒప్పందం మాత్రం చెక్కు చెదరలేదు. ఏటా సైనికులు కలిసి కవాతు చేస్తారు, కలిసి భోంచేస్తారు. విమానంలోంచి దూకేటప్పుడు మాత్రం ఎవరి పారాచూట్ వాళ్లదే. ఈ ఏడు ఆ ముచ్చట కూడా తీర్చాలని పైవాళ్లు నిర్ణయించారు. అతిథి సైనికులు పన్నెండు మంది ఇక్కడ మడిచిన పారాచూట్లతో దూకాలి.

ఆ పన్నెండూ మడిచే పని గొడుగులత్తయ్య జట్టు మీద పడింది. అక్కడి పనివాళ్లు పారాచూట్‌ని గొడుగనే అంటారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడది అదే పని. ఇంకో నెలలో రిటైరవుతుంది. రికార్డులో ఒక్క మచ్చ లేదు. ఆ సంగతి ఆవిడ ఎవరినీ మరిచిపోనివ్వదు కూడా.

తాళ్లు లాగడానికి వేలెడంత ఇనుప కొక్కేలు వాడతారు. పని కాగానే వాటిని లెక్కపెట్టాలి. ఒకటి తగ్గిందంటే ఏ గొడుగులో ఉండిపోయిందో, గాల్లో ఏ తాడుకు తగులుకుంటుందో దేవుడికే తెలియాలి. ఆ ఉదయం పది ఉండాల్సినవి తొమ్మిదే తేలాయి.

బల్లల కింద ఊడ్చారు. అత్తయ్య తనే అందరి జేబులూ తడిమి, నలుగురినీ చెడామడా తిట్టింది.

"పన్నెండూ విప్పండి," అంది.

ఆ విభాగం చూసే ఆఫీసరు అడ్డుపడ్డాడు. "అత్తయ్యా, బయట ఇద్దరు మంత్రులు కూర్చున్నారు. పరువు పోతుంది."

"మనిషి పోతేనో?"

ఆలస్యమెందుకో చూద్దామని అతిథి దళం కమాండర్ దుబాసీని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. అత్తయ్య దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గోడవారగా నిలబడి, పన్నెండూ విప్పి మళ్లీ మడిచేదాకా చూస్తూ ఉండిపోయాడు.

కొక్కెం దేంట్లోనూ లేదు. చెమట తుడుచుకుందామని అత్తయ్య తన ఏప్రన్ ఎత్తితే అంచులో ఏదో గట్టిగా తగిలింది. చిరిగిన జేబులోంచి జారి అక్కడ కూర్చుంది ఆ కొక్కెం మహాతల్లి. అందరి జేబులూ తడిమిన మనిషి తన జేబు తడుముకోలేదు. ఇన్నేళ్లూ తప్పెప్పుడూ పక్కవాళ్లదే మరి! ఆవిడకు తల కొట్టేసినట్టయింది. తిట్లు తిన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు.

అత్తయ్య కొక్కేల లెక్క రాసే రిజిస్టరు తెరిచి రాయబోతుంటే ఆఫీసరు గొంతు తగ్గించాడు. "నేల మీద దొరికిందని రాసేయండి. నెలాగితే రిటైరవుతారు, ఇప్పుడీ మచ్చెందుకు?"

"అబద్ధం రాసిన పుస్తకాన్ని రేపెవరు నమ్ముతారు బాబూ?" అని, 'నా ఏప్రన్‌లోనే ఉంది. పొరపాటు నాది' అని రాసి సంతకం పెట్టింది.

దుబాసీ ఇదంతా కమాండర్ చెవిన వేశాడు. ఆయన ఆ పన్నెండు మందిలో లేడు. తన దేశం నుంచి తెచ్చుకున్న గొడుగుతోనే ముందుగా దూకాల్సినవాడు. దాన్ని భుజాల మీంచి తీసి పక్కన పెట్టాడు.

"ఆయనక్కూడా మీరే ఒకటి మడిచివ్వాలట," అన్నాడు దుబాసీ.

మంత్రులు ఇంకో అరగంట ఎండలో కూర్చున్నారు. అత్తయ్య మడిచి, కొక్కేలు లెక్కపెట్టి అప్పగించింది. ఆయన భుజాలకు తగిలించుకుంటుంటే ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత పెద్దాఫీసరు ముందు ఏడవడం ఇష్టంలేక, "ఆ పట్టీలు అలాగేనా బిగించుకోవడం?" అని ఆయన్ని కసురుకుంది.

దుబాసీ నోరు తెరిచేలోగానే ఆయన పట్టీలు బిగించుకున్నాడు.