సున్నపు గీత మీద నడిపించిన మనిషి

"మేడమ్, సార్ ఇయ్యాల ఇడ్లీకి రాలే. ఫోన్ గూడ ఎత్తుతలేడు. మీకేమన్న చెప్పిండా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో మా గురువు సీతాపతిగారు ఉండే సందు మొదట్లో టిఫిన్ బండి నడిపే శంకర్ నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నేను అప్పటికే హయత్‌నగర్ దాటి, మూతపడిన ఒక గోల్ఫ్ మైదానం గేటు దగ్గర సీతాపతిగారి కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన ఆలస్యం చేసే మనిషి కాదు. అయినా నాకు అనుమానం రాలేదు సరికదా, ఎండలో నిలబెట్టారని కోపం వచ్చింది. శంకర్ వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి తలుపు తీయించేసరికి ఆయన వాలుకుర్చీలో ఒరిగి ఉన్నారట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. జీవితమంతా ఊళ్లకు దారులు గీసిన మహనీయుడు కన్నుమూస్తే, ఆ లోటును ఈ నగరంలో మొదట గుర్తించింది ఒక టిఫిన్ బండి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు దుఃఖం ఆగడం లేదు.

సీతాపతిగారు వృత్తిరీత్యా పట్టణ ప్రణాళికా నిపుణులు. తెనాలి ప్రాంతం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పదవీ విరమణ తరువాత కొత్తపేటలో చిన్న ఆఫీసు తెరిచారు. అందులో ఆయన, నేను, చప్పుడెక్కువ గాలి తక్కువ ఫ్యాను ఒకటి. నేను హయత్‌నగర్ పిల్లను. "రేపు సైటుకు వస్తావా అమ్మాయ్?" అని ఆయన అడిగితే "ఒస్త సార్" అనేదాన్ని. "నీ భాష పట్టుబడేలోపు నా సర్వీసే అయిపోయింది" అని నవ్వేవారు. చనిపోయినవారిని దేవుళ్లను చేసి రాయడం ఆయనకు గిట్టదు కనుక ఇది కూడా చెప్పాలి. ఆయన మహా మొండి. నచ్చని వాళ్ల ఫోను ఎత్తేవారు కాదు. నేను గీసిన డ్రాయింగు బాగా లేకపోతే దాన్ని అటూ ఇటూ తిప్పి, "కాగితం బావుంది" అనేవారు. ఆ మాటకు నేను ఎన్నిసార్లు ఉడుక్కున్నానో లెక్కలేదు.

"కాగితం మీద గీసింది ఎవరికీ అర్థం కాదు, గీసినవాడితో సహా." ఇది ఆయన తరచూ అనే మాట. మనవాళ్లు ఇల్లు కట్టేముందు నేల మీద సున్నంతో ముగ్గు పోయించి గదులు చూసుకుంటారు. వంటగది ఇంత ఇరుకా అని ఇల్లాలు పోట్లాడేది అప్పుడే. ఇంటికి చేసే పని ఊరికి ఎందుకు చేయకూడదన్నది సీతాపతిగారి సిద్ధాంతం. ఏ ప్రణాళిక అయినా ముందు నేల మీద సున్నంతో గీయించి, అక్కడి జనాన్ని దాని మీద నడిపించేవారు. నడిచి వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే ప్రశ్న అడిగేవారు. "ఎక్కడ ఆగాలనిపించింది?" ఎక్కువమంది ఎక్కడ చూపిస్తే అక్కడ కూర్చునే చోటు పెట్టేవారు. నన్ను మాత్రం ఎన్నడూ అడగలేదు. "నువ్వు ప్లాను తలలో పెట్టుకుని నడుస్తావు. అది మరిచిపోయి నడిచిన రోజున అడుగుతాలే" అనేవారు.

ఆయన చివరిగా చేపట్టిన పని ఆ గోల్ఫ్ మైదానమే. హయత్‌నగర్‌కూ పెద్ద అంబర్‌పేట్‌కూ మధ్య ఉంటుంది. ఆడేవాళ్లు తగ్గిపోయి మూతపడితే, యజమానులైన కంపెనీవారు అందులో అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, చిన్న పార్కు కట్టి చుట్టుపక్కల రోడ్లు కూడా బాగుచేయాలని మా ఆఫీసుకు వచ్చారు. మైదానానికి వెనుక ఒక పాత ఊరు. ముందు, విజయవాడ రోడ్డును ఆనుకుని, రిటైరైన ఉద్యోగుల కాలనీ. చుట్టూ ఎత్తైన గోడ. ఊరివాళ్లు బస్సెక్కాలంటే ఆ గోడ వెంబడి చుట్టూ తిరిగి రావాలి. గోడ అలాగే ఉండాలని కంపెనీ కోరిక. ఊరి నుంచి రోడ్డు దాకా మైదానం నడిమధ్యగా, ఎవరైనా నడవగల ఒక దారి ఉండాలని సీతాపతిగారి పట్టుదల. భవనాల ఎత్తు దగ్గర, దుకాణాల దగ్గర ఆయన ఎన్నో మెట్లు దిగారు. దారి దగ్గర మాత్రం దిగలేదు.

ఆ దారికి సున్నం పోయించిన మర్నాడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా వైపు ఖాళీ నేల మీద తెల్లగీత కనబడితే దానికి ఒకటే అర్థం, ప్లాట్లు వేస్తున్నారని. పొద్దున మేం వెళ్లేసరికి గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక బ్రోకరు సీతాపతిగారి చేతిలో కార్డు పెట్టి, "ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ బిట్ ఉంటే చెప్పండి సార్, టోకెన్ ఇప్పుడే ఇస్తా" అన్నాడు. ఈయన తొణక్కుండా, "తూర్పుముఖమేనయ్యా. కానీ ఇది అమ్మడానికి కాదు, నడవడానికి. నడుస్తావా?" అన్నారు. అతను నన్ను జాలిగా చూసి కారెక్కాడు.

ఈలోగా వెనుక ఊరి నుంచి జనం రానే వచ్చారు. అందరికంటే ముందు యాదమ్మ, నెత్తిన ఆకుకూరల గంపతో. రోజూ ఎల్బీనగర్ వెళ్లి కూరలు అమ్ముకునే మనిషి. "ఏంది సారూ, మా పొలాలు పాయె. ఇప్పుడు గీ జాగల గూడ ప్లాట్లు జేస్తున్నరా?" అని నిలదీసింది.

"ప్లాట్లు కాదమ్మా, మీ దారి. బస్‌స్టాపు దాకా నడిచి చూడు. బాగా లేకపోతే చెరిపేద్దాం" అన్నారు సీతాపతిగారు. ఆమె నమ్మలేదు. నమ్మకుండానే నడిచింది. తిరిగి వచ్చాక ఆయన తన ప్రశ్న అడిగారు. యాదమ్మ ఆలోచించకుండా మైదానం మధ్యకు చెయ్యి చూపించింది. "గా కానుగ చెట్టు కాడ. గంప దించి జర కూసోవాలనిపిచ్చింది."

కాలనీ కార్యదర్శి ప్రసాదరావుగారిని నడిపించడం ఇంకా కష్టమైంది. ఆయనదీ కోస్తా వైపే. "దారి పెడితే ఎవరెవరో వస్తారండీ. మా ఆడవాళ్లు సాయంత్రం బయటికి ఎలా వస్తారు?" అని వాదించారు. "ఎవరో ఒకరు రావడానికే కదండీ దారి! ముందు నడవండి, తర్వాత తిట్టండి" అన్నారు మా సార్. ప్రసాదరావుగారు నడిచారు, తిట్టారు కూడా. చివరికి, "ఆ కానుగ నీడ మాత్రం బావుందండీ. నా మోకాళ్లూ అక్కడే పట్టేశాయి" అన్నారు. అయితే ఊరివాళ్లకు ఒకటి, కాలనీవాళ్లకు ఒకటి, కూర్చోవడానికి రెండు బల్లలు గీయమంటారా అని నేను అడిగాను. "ఒకటే చాలు. పొడుగ్గా గీయి" అన్నారు సీతాపతిగారు.

సైటు పని అయ్యాక ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద టీ తాగి విడిపోవడం మా అలవాటు. ఆయన ఎప్పుడూ "ఇంకో టీ తాగుదామా?" అనేవారు. టీ అంటే అంత ఇష్టమేమో అనుకునేదాన్ని. ఒకనాడు ఉండబట్టలేక, "అందర్ని అడుగుతరు గద సార్, మీకు యాడ ఆగాలనిపిస్తది?" అన్నాను. గ్లాసులోకి చూస్తూ, "నాకా? ఇంటి ముందు తప్ప ఎక్కడైనా సరేనమ్మాయ్" అన్నారు. ఆయనకు సంతానం లేదు. భార్య పోయి కొన్నేళ్లయింది. "తాళం తీస్తే ఆ చప్పుడు నాకొక్కడికే వినపడుతుంది" అని నెమ్మదిగా అన్నారు. ఆ తరువాత రెండో టీ నేనే చెప్పేదాన్ని. ఊళ్లో అందరికీ ఒకచోట కూర్చునే వీలుండాలని ఆయన ఎందుకంత పట్టుబట్టేవారో అప్పుడు తెలిసింది.

కంపెనీతో చివరి సమావేశం ఇంకా జరగకముందే ఆయన వెళ్లిపోయారు. తెనాలి వైపు నుంచి తమ్ముడుగారు వచ్చి కర్మకాండ జరిపించారు. అది ముగిసిన మర్నాడే కంపెనీ మేనేజరు ఫోన్ చేశారు. "సార్ లేరు కదా మేడమ్, ఇంక ఆ దారి గురించి పట్టుబట్టేవాళ్లెవరు? అది తీసేసి కొత్త డ్రాయింగు పంపించండి." ఆయన గొంతులో దురుసుతనమేమీ లేదు. పని త్వరగా తెమిలితే చాలనే తొందర తప్ప. నేను ఫోను పెట్టేసి మైదానానికి వెళ్లాను. ఆఫీసులో ఆ ఫ్యాను కింద ఒక్కదాన్నే కూర్చోవడం చేతకాలేదు.

ఆ వారం కురిసిన వానకు సున్నం కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాను. పోయిందట కూడా. కానీ యాదమ్మ ముగ్గుపిండి గిన్నె పట్టుకుని వంగి మళ్లీ గీత పోస్తోంది. గీత తిన్నగా రావడానికి పట్టిన తాడు ఒక కొస ప్రసాదరావుగారి చేతిలో ఉంది. "వంకర పోతోందమ్మా" అని ఆయన, "నడిచేటోళ్లం మేమే గద సారూ, ఏం గాదు" అని ఆమె. నన్ను చూసి యాదమ్మ నడుం ఎత్తింది. "సారు లేడని తొవ్వ గూడ లేకుండ పోవాల్నా బిడ్డా?" అంది. నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

మేనేజరుకు ఫోన్ చేసి, డ్రాయింగు మార్చనని చెప్పాను. సమావేశానికి ఊరివాళ్లు వచ్చారు, కాలనీవాళ్లు వచ్చారు. మా కాలనీకి అభ్యంతరం లేదని ప్రసాదరావుగారు లేచి చెప్పాక కంపెనీవారు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. అయితే రెండు చివర్లా గేట్లు పెట్టి చీకటిపడ్డాక తాళం వేస్తామన్నారు. సీతాపతిగారుంటే "తాళం వేసేది దారి కాదు, వసారా" అని పోట్లాడి అదీ మాన్పించేవారు. నాకు అంత నోరు లేదు. దారి నిలిచింది, పొడుగు బల్ల నిలిచింది. అంతవరకే నా చేతనైంది.

ఇటువంటి ప్రణాళికావేత్తలు మళ్లీ పుడతారో లేదో చెప్పలేను. ఆ నిర్మలమూర్తికి పూలదండ వేయడానికి ఇంట్లో ఫోటో కూడా సరైనది దొరకలేదు. అందుకే సమావేశం అయ్యాక ఊరి చివర నుంచి ఆ వంకర గీత మీద ఒక్కదాన్నే నడిచాను. ప్లాను గుర్తు లేదు, కొలతలు గుర్తు లేవు. కానుగ చెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చాలాసేపు నిలబడ్డాను. ఎక్కడ ఆగాలనిపించిందని ఎవరూ అడగలేదు.

నాక్కూడా అక్కడే సార్.