తవుడు తిన్న దోనె

మొన్న ఏలూరులో కొన్న తవుడు బస్తా వానకి తడిసి పులిసిన వాసన వేసింది. పారెయ్యకుండా ఎండబెట్టించాను గానీ, ఆ వాసనకి చిన్నప్పటి మా దోనె గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మాది కొల్లేరు పక్క ఊరు. వానాకాలం వస్తే బడికీ ఇంటికీ మధ్య అంతా నీళ్లే. నన్ను అవతలికి దింపే తీరిక ఎవరికీ లేక, "ఆడపిల్లకి ఈ చదువు చాల్లే" అంది అమ్మ. నేనే దోనె నడుపుకుని వెళ్తానన్నాను. తాటిమొద్దు తొలిచి చేసిన మా దోనె, ఎక్కినప్పుడల్లా నన్ను నీళ్లలో పడేసేది.

"అది గేదె లాంటిదేనమ్మా. మచ్చికైతే పడెయ్యదు" అన్నారు నాన్న నవ్వుతూ.

నేను నిజమే అనుకున్నాను. రోజూ గేదె తవుడులో గుప్పెడు తెచ్చి, దోనెలో కూర్చుని దాని మూతి దగ్గర పెట్టేదాన్ని. మెడ ఎక్కడుంటుందో ఊహించుకుని గోకేదాన్ని. పడేస్తే తిట్టి మళ్లీ ఎక్కేదాన్ని.

"ఏవండీ, మీ కూతురు మొద్దుని మేపుతోందండీ! తవుడంతా చేపల పాలు!" అని అమ్మ గోల.

ఒక ఉదయం దోనె పడెయ్యలేదు. గెడకర్రతో తోసుకుంటూ బడి గట్టుకి చేరాను. మేష్టారు నోరు తెరిచి చూశారు.

"ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదండి. తవుడు పెట్టానండి."

రోజూ అందులో కూర్చోగా కూర్చోగా నాకే కుదురు వచ్చిందని పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆ రోజు మాత్రం దోనె వీపు నిమిరి, సాయంత్రం దాకా ఇక్కడే ఉండమని చెప్పాను. చెప్పి, ఎందుకైనా మంచిదని తాడుతో కట్టేసి బడిలోకి వెళ్లాను.