అత్తమ్మకు అన్ననైన రోజులు

పక్షవాతంతో అత్తమ్మకు కుడి పక్క పడిపోయాక ఆమెను బాన్సువాడలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. నా భార్య బిచ్కుంద బడిలో టీచరు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికే తిరిగి రాక. నాది ఇంటి ముందు గదిలోనే మోటార్లు బాగుచేసే పని. అందుకని పగలంతా అత్తమ్మను చూసుకోవడం నా వంతయింది.

అన్నం కలిపి దగ్గరికి వెళితే ఎడమచేత్తో కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగేది.

"అల్లుని చేత తింటనా? నా బిడ్డ రానీ, తింట."

పళ్లెం పక్కన పెట్టి వచ్చేసేవాణ్ని. సాయంత్రానికి మెతుకులు ఎండిపోయి ఉండేవి. మనిషి రోజురోజుకూ చిక్కిపోతోంది.

వరి పొట్టకొచ్చిన కాలమది. కాలువ చల్లదనం, పొలాల పచ్చి వాసన కిటికీలోంచి వచ్చి గదంతా తిరుగుతుండేవి. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రలోంచి సగమే లేచినట్టు నన్ను చూసి నవ్వింది.

"అన్నా, ఎప్పుడొచ్చినవ్?"

ఆమె అన్న పోయి చాలా ఏళ్లయింది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆ ముఖంలో వెలుగు చూశాక మాట మారిపోయింది.

"ఇప్పుడే చెల్లె. తిన్నవా?"

"లేదన్నా. మస్తు ఆకలైతుంది."

ముద్ద ముద్దకూ నోరు తెరిచి తింది. తిన్నాక తల దువ్వమంది. "అవ్వ చేనుకు పోయింది గదా" అంది. కొబ్బరినూనె రాసి చిక్కులు తీస్తూ కూర్చున్నాను. పత్తిలా తేలిపోయే జుట్టు. ఆమె చెరుకు తోటల గురించి, అన్నతో బండెక్కి బెల్లం వండే చోటికి పోవడం గురించి చెబుతూ పోయింది. వింటూంటే ఉడికే పాకం వాసన నాకూ తగిలింది. ఆ బండి తోలింది నేనేనేమో అనిపించింది.

సాయంత్రం నా భార్యకు చెప్పాను. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"అయితే నాకు మేనమామవైనవన్నట్టు," అంది.

అలా కొన్ని వారాలు అన్ననై బతికాను. కోతల నాటికి అత్తమ్మకు తెలివి కుదురుకుంది. ఒకరోజు నూనె రాస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"అల్లుడా," అంది.

నా చెయ్యి ఆగిపోయింది. సిగ్గుపడి అటు తిరుగుతుందనుకున్నాను.

"ఏంది, ఆగినరు? గా పక్క చిక్కు అట్లనే ఉంది," అంటూ తల వంచింది.

ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ నా చేతి అన్నమే తింది. అన్న ఊసు మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.