ప్లగ్గు తీసింది బాబా కాదు

మెట్టుగూడలో షాహీన్ ఆపా నడిపే పెళ్లికార్డుల షాపులో లినక్స్ కంప్యూటర్ పెట్టింది నేనే. ఈ ఉదయం అది ఆన్ కావడం లేదని ఆపా ఫోన్ చేస్తే వెళ్లాను. సరిగ్గా చూడకుండానే, "ఎవరో నడుస్తుండగా ప్లగ్గు తీసుంటారు" అనేశాను. ఆపా వెంటనే, పక్కన కార్డులు మడతపెడుతున్న వాళ్ల నాన్న మీద విరుచుకుపడింది. పెద్దాయన తల దించుకుని, "ఏమో, తీసిన్నేమో" అన్నారు.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే, జెడ్ఎఫ్ఎస్ పద్ధతిలో ఫైళ్లు దాచే డిస్కుల్లో డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. తప్పు నాదే. నిన్న సాయంత్రం ఆ డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపే పూల్‌ను అప్‌గ్రేడ్ చేసి, మెషీన్‌ను లేపే బూట్‌లోడర్‌ను మాత్రం మరిచిపోయాను. మారిన పూల్‌ను పాత బూట్‌లోడర్ చదవలేకపోయింది. దాన్ని అప్‌డేట్ చేశాక మెషీన్ మామూలుగా లేచింది.

ఏమీ చెప్పకుండా వచ్చేస్తే వాళ్లకు తెలిసేది కాదు. కానీ పెద్దాయన స్వయంగా చాయ్ తెచ్చి చేతికిచ్చేసరికి ఉండబట్టలేదు.

"బాబా, ప్లగ్గు కాదు. గల్తీ నాది."

ఆయన నన్నే చూస్తూ, "పొద్దుగాల్నుంచి యాద్ చేసుకుంటున్న బేటా, ఎప్పుడు తీసిన్నా అని" అన్నారు.

చూడకముందే తప్పును ఇంకొకరి మీదికి తోసేసింది నేనొక్కణ్ణే కాదని, మీలో ఎవరైనా చెప్పండి.